కారు కీ పోయిందా? బిల్లు చూస్తే కళ్లు తిరగాల్సిందే.. అరచేతిలో పట్టే రిమోట్‌కు అన్ని వేలు ఎందుకు?

కారు కీ పోతే ఏం చేస్తాం? పాతికేళ్ల కిందట అయితే దీనికి జవాబు చాలా సింపుల్. బస్టాండ్ దగ్గరో, మార్కెట్ సెంటర్‌లోనో గొడుగు కింద తాళాల గుత్తులు వేలాడదీసుకుని కూర్చునే ఆయన దగ్గరికి వెళ్తే సరిపోయేది. ఆకురాయితో నాలుగు గీతలు గీసి, రెండుసార్లు తిప్పి చూసి, కీ చేతిలో పెట్టేసేవాడు. టీ తాగి వచ్చేలోపు పని అయిపోయేది. బేరం ఆడితే పదో ఇరవయ్యో తగ్గించేవాడు కూడా.

ఇప్పుడు అదే ప్రశ్న సర్వీస్ సెంటర్‌లో అడిగి చూడండి. ముందు ఆర్‌సీ అడుగుతారు. తర్వాత ఆధార్. తర్వాత పోలీస్ కంప్లైంట్ కాపీ. ఆ తర్వాత "కీ స్టాక్ లేదు సర్, ఆర్డర్ పెట్టాలి, అడ్వాన్స్ కట్టండి" అంటారు. ఎప్పుడు వస్తుందంటే వారం, పది రోజులు. కీ వచ్చాక కారును అక్కడికే తీసుకురావాలి. కీ లేని కారును ఎలా తీసుకెళ్తాం? అదే అసలు తిరకాసు.. దానికి టోయింగ్ ఖర్చు వేరే.

మరి ఈ చిన్న ప్లాస్టిక్ రిమోట్‌కు అన్ని వేలు ఎందుకు? ఇందులో నిజంగా టెక్నాలజీ ఖర్చు ఎంత, కంపెనీల గుత్తాధిపత్యం ఎంత?

బిల్లు ఎంత అవుతుందంటే..

రేటు మోడల్‌ను బట్టి, వేరియంట్‌ను బట్టి, ఊరిని బట్టి మారుతుంది. సుమారు లెక్క ఇలా ఉంటుంది. బటన్లు లేని మామూలు చిప్ కీ అయితే రెండు మూడు వేలతో బయటపడొచ్చు. లాక్, అన్‌లాక్ బటన్లు ఉన్న ఫ్లిప్ కీ అయితే నాలుగు వేల నుంచి ఏడెనిమిది వేలు. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న కాంపాక్ట్ ఎస్‌యూవీల స్మార్ట్ కీ అయితే ఎనిమిది వేల నుంచి పదిహేను వేల దాకా లాగుతుంది. లగ్జరీ కార్ల సంగతి చెప్పక్కర్లేదు, అర లక్ష దాటిపోవడం అక్కడ మామూలు విషయం. దీనికి తోడు ప్రోగ్రామింగ్, లేబర్ ఛార్జీలు. వాటి మీద 18 శాతం జీఎస్టీ.

ఒక్క కీ పోతే ఈ లెక్క. ఉన్న రెండూ పోతే కథ వేరే. చాలా సందర్భాల్లో సర్వీస్ సెంటర్ వాళ్లు "లాక్ సెట్ మొత్తం మార్చేద్దాం" అంటారు. అంటే డోర్ లాక్, ఇగ్నిషన్ లాక్, డిక్కీ లాక్, కొత్త కీల జత.. అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. కొన్ని మోడళ్లలో ఇమ్మొబిలైజర్ మాడ్యూల్ కూడా మార్చాలంటారు. అప్పుడు బిల్లు ఒక్కసారిగా రెట్టింపు, మూడింతలు అయిపోతుంది. ఏడెనిమిదేళ్లు వాడిన చిన్న కారుకు ఇంత ఖర్చా అని ఓనర్ తల పట్టుకునేది ఇక్కడే.

ఇంకో మాట. "మాది బేసిక్ మోడల్, మాకు ఈ గొడవ లేదు" అనుకునేవాళ్లు కూడా ఒకసారి చెక్ చేసుకోవాలి. బటన్ ఒక్కటీ లేని సాదా కీలో కూడా లోపల చిప్ ఉండొచ్చు. మారుతీ కార్లలో ఐక్యాట్స్ అనే పేరుతో వచ్చే సిస్టమ్ అదే. ఆ కీకి బజార్లో ఇనుప ముక్కతో డూప్లికేట్ కొట్టిస్తే డోర్ తెరుచుకుంటుంది. ఇంజిన్ మాత్రం స్టార్ట్ కాదు. రోజు కిరాయి మీద బతికే క్యాబ్ డ్రైవర్‌కు ఇదే పెద్ద దెబ్బ. కీ ఖర్చు ఒక ఎత్తు, కారు కదలని వారం రోజుల కిస్తీ, ఇంటి ఖర్చు మరో ఎత్తు. షోరూమ్ బిల్లులో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

అది తాళం చెవి కాదు.. కారు గుర్తుపట్టే ఐడీ కార్డు

అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే బిల్లులో ఏది న్యాయం, ఏది కాదో అర్థమవుతుంది.

కీ తలలో బియ్యపు గింజంత చిప్ ఒకటి ఉంటుంది. దీన్నే ట్రాన్స్‌పాండర్ అంటారు. దీనికి బ్యాటరీ అవసరం లేదు. ఇగ్నిషన్ చుట్టూ ఉండే కాయిల్ నుంచి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వస్తాయి, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర. ఆ తరంగాల నుంచే చిప్ కాస్త కరెంటు తీసుకుని తన కోడ్ పంపుతుంది. కారు కంప్యూటర్ ఆ కోడ్‌ను తన మెమరీలో ఉన్నదానితో పోల్చి చూస్తుంది. సరిపోతే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. లేదంటే కాదు. ఈ కాపలా వ్యవస్థే ఇమ్మొబిలైజర్.

బటన్ నొక్కితే డోర్లు తెరుచుకోవడం వేరే పని. దానికి బ్యాటరీ కావాలి. మన దేశంలో అమ్మే కార్లలో ఈ సిగ్నల్ ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారిపోతుంది. దీన్ని రోలింగ్ కోడ్ అంటారు. పక్కన ఎవరైనా సిగ్నల్ రికార్డ్ చేసినా, అదే కోడ్ మళ్లీ పనికిరాకుండా చేసిన ఏర్పాటు ఇది.

ఇక స్మార్ట్ కీ అయితే జేబులోంచి తీయక్కర్లేదు. డోర్ హ్యాండిల్ ముట్టుకోగానే కారే "ఎవరు?" అని పిలుస్తుంది. జేబులో ఉన్న కీ జవాబు చెబుతుంది. అంతా సెకనులోపు అయిపోతుంది.

ఇప్పుడు విడిగా చూడండి. చిన్న సర్క్యూట్ బోర్డు, చిప్, యాంటెన్నా, నాణెం సైజు బ్యాటరీ, ప్లాస్టిక్ కేస్. వీటిలో ఏదీ బంగారం కాదు. అసలు ఖరీదు ఎక్కడుందంటే, ఆ కీని మీ కారుకు పరిచయం చేసే పనిలో. ఏటీఎం కార్డులో ప్లాస్టిక్ ముక్కకు విలువ ఎంత? దాన్ని మీ ఖాతాకు లింక్ చేసే అధికారం బ్యాంకు దగ్గర ఉంటుంది, విలువంతా అక్కడే. కారు కీ కూడా అంతే. కొత్త కీని కారు మెమరీలోకి ఎక్కించాలంటే ప్రత్యేక డయాగ్నస్టిక్ టూల్, సెక్యూరిటీ పిన్ లేదా కంపెనీ సర్వర్ పర్మిషన్ కావాలి. ఆ పర్మిషన్ ఎవరి చేతిలో ఉందో, రేటు చెప్పేది కూడా వాళ్లే. బ్యాంకు కార్డు మార్చడానికి ఎంత తీసుకుంటుందో మాత్రం మనకు తెలుసు!

పైగా చాలా స్మార్ట్ కీలు ఒకసారి ఒక కారుకు జత అయ్యాక లాక్ అయిపోతాయి. పాత కారు నుంచి తీసిన కీ, ఆన్‌లైన్‌లో చౌకగా దొరికిన సెకండ్ హ్యాండ్ కీ మన కారుకు నేరుగా ఎక్కకపోవడానికి కారణం ఇదే. "సేమ్ మోడల్ కదా, సేమ్ కీ కదా" అని కొనేసి మోసపోయేవాళ్లు ఎక్కువ.

మరి కంపెనీల వాదనలో నిజం లేదా?

ఉంది. కాదనడానికి లేదు. ఎవరు పడితే వాళ్లు కీ తయారు చేసుకునే వీలుంటే దొంగలకు పండగే. అమెరికాలో ఏం జరిగిందో చూశాం. అక్కడ 2011 నుంచి 2021 మధ్య అమ్మిన కొన్ని కియా, హ్యుందాయ్ మోడళ్లలో ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. ఆ లోపాన్ని వాడుకుని కారు ఎలా ఎత్తుకెళ్లాలో చూపించే వీడియోలు 2022 ప్రాంతంలో సోషల్ మీడియాలో వైరల్ అయ్యాయి. దాంతో దొంగతనాలు విపరీతంగా పెరిగాయి. కొన్ని బీమా కంపెనీలు ఆ మోడళ్లకు కొత్తగా పాలసీలు ఇవ్వడానికే వెనకాడాయి. చిప్ కీ ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కానీ ఇక్కడ రెండు విషయాలను కలిపేస్తున్నారు. కీ తయారీ ఎవరికి పడితే వాళ్లకు అప్పగించకూడదు, నిజమే. ఓనర్ ఎవరో రుజువు చేసుకున్న తర్వాత కూడా ఒకే ఒక్క చోట, వాళ్లు చెప్పిన రేటుకే కొనాలనడం మాత్రం భద్రత కాదు, వ్యాపారం. ఆర్‌సీ చూపించి, ఐడీ ఇచ్చి, పోలీస్ కంప్లైంట్ పెట్టాక ఇక దొంగ ప్రశ్నే లేదు. ఆ తర్వాత కట్టేదంతా వేరే దారి లేక కట్టేదే.

ఎఫ్ఐఆర్ అడుగుతారు.. పోలీసులు కట్టరు!

పేపర్ వర్క్‌లో జనాన్ని ఎక్కువగా తిప్పేది ఇదే. కొన్ని సర్వీస్ సెంటర్లు, కొన్ని బీమా కంపెనీలు "ఎఫ్ఐఆర్ కాపీ తెండి" అంటాయి. పోలీస్ స్టేషన్‌కు వెళ్తే "కీ పోతే ఎఫ్ఐఆర్ ఏంటయ్యా" అని పంపించేస్తారు. ఇద్దరి మధ్య తిరిగేది మాత్రం మనం.

విషయం ఏంటంటే, వస్తువు పోగొట్టుకోవడం నేరం కాదు. నేరం జరిగితేనే ఎఫ్ఐఆర్. కీ ఎవరైనా దొంగిలించారన్న అనుమానం ఉంటే ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. ఎక్కడో జారిపోయి ఉంటే, పోయినట్టు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, స్టేషన్‌లో ఎంట్రీ చేయించి, స్టాంపు వేసిన కాపీ తీసుకోవాలి. చాలా చోట్ల సర్వీస్ సెంటర్‌కు ఇది సరిపోతుంది. అందుకే ముందుగా సెంటర్‌కు ఫోన్ చేసి "ఎఫ్ఐఆర్ కావాలా, కంప్లైంట్ కాపీ చాలా" అని అడిగి వెళ్తే ఒక ట్రిప్ మిగులుతుంది. కారు పక్క ఊళ్లో ఆగిపోయి, ఆర్‌సీ వేరే జిల్లా అడ్రస్ మీద ఉంటే ఈ ఒక్క ట్రిప్ విలువ ఏంటో తెలుస్తుంది. ఇక కారు తండ్రి పేరు మీదో, చనిపోయిన వాళ్ల పేరు మీదో ఉండి, పేరు మార్చకుండా వాడుతున్న వాళ్లకైతే చుక్కలే. కీ కోసం వెళ్లి ముందు ఆర్‌సీ ట్రాన్స్‌ఫర్ చేయించుకోవాల్సి వస్తుంది.

ఆటోనగర్ రూటు.. చౌకే, కానీ?

షోరూమ్ రేటు వినగానే చాలామంది వెళ్లేది బయట కీ మేకర్ల దగ్గరికే. ఒకప్పుడు ఆకురాయి పట్టుకున్న చేతుల్లోనే ఇప్పుడు ల్యాప్‌టాప్, ప్రోగ్రామింగ్ డివైస్ కనిపిస్తున్నాయి. విజయవాడ, విశాఖ ఆటోనగర్లు కానీ, హైదరాబాద్‌లో కానీ ఫోన్ చేస్తే కారు ఆగిన చోటుకే వచ్చి కీ చేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. టోయింగ్ ఖర్చు తప్పుతుంది. షోరూమ్ రేటులో సగానికి, ఒక్కోసారి అంతకంటే తక్కువకే పని అవుతుంది. వారం పట్టేది గంటలో అయిపోతుంది. వీళ్లు వాడేవి ఎక్కువగా చైనా కంపెనీల టూల్స్. షెన్‌జెన్‌కు చెందిన ఆటెల్, ఎక్స్‌హార్స్ లాంటి బ్రాండ్లు ఈ ఫీల్డ్‌లో బాగా పాపులర్.

నిజం చెప్పాలంటే, వీళ్లలో పనితనం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కంపెనీ అధికారికంగా సమాచారం ఇవ్వకపోయినా సొంతంగా నేర్చుకుని, లక్షలు పెట్టి డివైస్‌లు కొనుక్కుని బతుకుతున్నారు. ఇబ్బంది ఎక్కడంటే, మంచి పనివాడు ఎవరో, తెలిసీ తెలియక చేసేవాడు ఎవరో కస్టమర్‌కు తెలిసే దారి లేదు. ప్రోగ్రామింగ్ మధ్యలో తేడా వస్తే కారు కంప్యూటరే మొరాయించవచ్చు. కొత్త కారైతే వారంటీ గొడవ. అన్నింటికంటే ముఖ్యం.. చేసిన వ్యక్తి దగ్గర మన కీ డేటా ఉండిపోతుందేమోనన్న అనుమానం. అందుకే బయట చేయిస్తే బిల్లు తీసుకోవాలి. పోయిన పాత కీని మెమరీ నుంచి తీసేయించాలి. షోరూమ్‌లో చేయించినా సరే ఇది మర్చిపోవద్దు. కొత్త కీ ఎక్కించినంత మాత్రాన పాతది దానంతట అదే చచ్చిపోతుందని అనుకోవద్దు. పోయిన కీ ఎవరికైనా దొరికితే, దాంతోనే కారు తీసుకుపోవచ్చు!

అమెరికాలో మనవాళ్ల పరిస్థితి

ఈ తలనొప్పి ఇక్కడికే పరిమితం కాదు. అమెరికాకు చదువుల కోసం వెళ్లిన మన పిల్లలు చాలామంది మొదట కొనేది సెకండ్ హ్యాండ్ కారే. అలాంటి కార్లు ఒకే ఒక్క కీతో రావడం సర్వసాధారణం. ఆ ఒక్కటి పోతే డీలర్ దగ్గర 200 నుంచి 500 డాలర్ల దాకా, కొన్ని మోడళ్లకు అంతకంటే ఎక్కువే వదిలించుకోవాలి. పార్ట్ టైమ్ జీతంతో నెట్టుకొచ్చే స్టూడెంట్‌కు అది సగం నెల అద్దె.

"అమెరికాలో అదే కంపెనీ కీ చౌకగా దొరుకుతోంది, అక్కడున్న మా బావతో తెప్పిస్తా" అనే ఐడియా ఇక్కడివాళ్లకు వస్తుంటుంది. ఇది చాలాసార్లు బెడిసికొడుతుంది. అమెరికా మార్కెట్ కీలు ఎక్కువగా 315 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తాయి. మన కార్లు 433 మీద. చూడ్డానికి అచ్చు ఒకేలా ఉన్నా ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు.

అయితే అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ నేషనల్ ఆటోమోటివ్ సర్వీస్ టాస్క్ ఫోర్స్ అనే సంస్థ ఒక రిజిస్ట్రీ నడుపుతోంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయిన తాళాల నిపుణులు అందులో నమోదవుతారు. కారు ఎవరిదో ధ్రువీకరించుకున్నాక, కంపెనీల నుంచి కీ కోడ్లు, సెక్యూరిటీ సమాచారం వీళ్లకు అధికారికంగా అందుతుంది. ఎవరు, ఏ కారుకు, ఎప్పుడు తీసుకున్నారో రికార్డు ఉంటుంది. దొంగకు దారి ఇవ్వకుండా, ఓనర్‌కు రెండో దారి ఇచ్చారన్నమాట. యూరప్‌లోనూ బయటి గ్యారేజీలకు భద్రతా సమాచారం ఇవ్వడానికి సెర్మి పేరుతో ఇలాంటి అక్రెడిటేషన్ విధానమే తెచ్చారు. మసాచుసెట్స్ రాష్ట్రంలోనైతే 2012లోనే వాహనాల రైట్ టు రిపేర్ చట్టం వచ్చింది. 2020లో దాన్ని విస్తరించాలా అని ప్రజలనే ఓటు అడిగితే, దాదాపు నాలుగింట మూడు వంతుల మంది అవునన్నారు.

కీ తయారీని భద్రంగా ఉంచాలంటే ఒక్క షోరూమ్‌కే కట్టేయాలన్న వాదన ఇక్కడే తేలిపోతుంది.

మన దగ్గర తీర్పు వచ్చి పదేళ్లు దాటింది

మన దేశంలో ఈ విషయం ఎవరూ పట్టించుకోలేదా అంటే, అదీ కాదు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, అంటే సీసీఐ, 2014 ఆగస్టు 25న ఒక సంచలన ఆర్డర్ ఇచ్చింది. ఒక వినియోగదారుడి ఫిర్యాదుతో 2011లో మొదలైన కేసు అది. ఒరిజినల్ స్పేర్ పార్టులను, డయాగ్నస్టిక్ టూల్స్‌ను బయటి మెకానిక్‌లకు అందకుండా చేసి, మార్కెట్‌ను తమ గుప్పిట్లో పెట్టుకున్నాయంటూ 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. మారుతీ సుజుకీ, టాటా మోటార్స్, మహీంద్రా, టొయోటా, హోండా, ఫోర్డ్, బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ బెంజ్.. లిస్టులో పెద్ద పేర్లన్నీ ఉన్నాయి. విడిభాగాల మీద సగటున దాదాపు 100 శాతం, కొన్నింటి మీద ఏకంగా 5,000 శాతం వరకు మార్కప్ వేసుకున్నారన్న విషయం అప్పుడే బయటకొచ్చింది. 2015 జులైలో హ్యుందాయ్‌కు విడిగా రూ.420 కోట్ల జరిమానా పడింది.

జరిమానా కంటే ముఖ్యమైనది ఆర్డర్‌లోని ఆదేశాలు. స్పేర్ పార్టులు, డయాగ్నస్టిక్ టూల్స్ బహిరంగ మార్కెట్‌లో దొరికేలా చూడాలి. బయట రిపేర్ చేయించుకున్నారన్న ఒకే ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేస్తామనే షరతు పెట్టకూడదు. కీ ప్రోగ్రామింగ్‌కు సరిగ్గా కావాల్సింది కూడా ఇదే కదా.. టూల్, సమాచారం.

తర్వాత? కోర్టులు, అప్పీళ్లు. 2016 డిసెంబర్‌లో అప్పీలేట్ ట్రిబ్యునల్ టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల విషయంలో తప్పు జరిగిందనే తేల్చింది, కానీ జరిమానా లెక్కను తగ్గించేసింది. వ్యాజ్యం అలా సాగుతూ పోయింది.

ఆ తర్వాత కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం రోజున, రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్స్ ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, ఆటోమొబైల్స్.. ఈ నాలుగు రంగాలనూ అందులో చేర్చింది. బాగానే ఉంది. కానీ పోర్టల్‌లో సర్వీస్ సెంటర్ల వివరాలు, మాన్యువల్స్ ఇవ్వడం ఒకటి.. కీ పిన్ కోడ్ ఓనర్‌కు ఇచ్చి తీరాలని చట్టం చేయడం ఇంకొకటి. రెండోది జరగలేదు. 2025లో రిపేరబిలిటీ ఇండెక్స్ మీద వచ్చిన కమిటీ నివేదిక కూడా మొబైల్స్, ఎలక్ట్రానిక్ వస్తువుల చుట్టూనే తిరిగింది. కారు దాకా రాలేదు.

దీనికంటే ముందు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. కారు కొనేటప్పుడు ఎక్స్ షోరూమ్, ఆన్ రోడ్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, యాక్సెసరీస్.. పది రకాల రేట్లు ప్రింట్ చేసి చేతిలో పెడతారు. స్పేర్ కీ ధర మాత్రం ఎక్కడా కనిపించదు. అది తెలిసేది కీ పోయిన రోజే. ఈ ఒక్క లైన్ ప్రైస్ లిస్టులో చేర్చడానికి ఏ కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, ఏ భద్రతకూ ముప్పు రాదు. అయినా చేర్చరు. ఎందుకో ఊహించడం పెద్ద కష్టం కాదు.

బీమా ఉంది కదా అనుకుంటే..

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో కీ పోగొట్టుకుంటే పైసా రాదు. "జీరో డెప్ తీసుకున్నాం కదా" అంటే, అది ప్రమాదంలో దెబ్బతిన్న పార్టుల తరుగుదలకు సంబంధించింది. కీకి కీ రీప్లేస్‌మెంట్ అనే యాడ్ ఆన్ విడిగా తీసుకోవాలి. ప్రీమియం తక్కువే. కానీ ఏడాదికి ఎన్ని క్లెయిమ్‌లు, గరిష్ఠంగా ఎంత ఇస్తారు, ఎన్ని రోజుల్లో చెప్పాలి అన్నవి కంపెనీని బట్టి మారతాయి. స్మార్ట్ కీ ఉన్న కారుకు ఈ యాడ్ ఆన్ తీసుకోవడం దండగ కాదు. సాదా కీ ఉన్న పాత కారుకైతే ఒకసారి లెక్క వేసుకోవాలి.

కీకి, బీమాకు ఇంకో పెద్ద లింక్ ఉంది. కారు దొంగతనానికి గురైతే క్లెయిమ్ సమయంలో బీమా కంపెనీలు రెండు ఒరిజినల్ కీలూ అడుగుతాయి. ఒకటే ఇస్తే, "రెండోది ఏమైంది?" అన్న ప్రశ్న మొదలవుతుంది. రెండో కీ ఎప్పుడో పోయిందని, దానికి రికార్డు లేదని చెబితే లక్షల క్లెయిమ్ ఇరుక్కునే ప్రమాదం. ట్రక్కులో కీ వదిలేసి డ్రైవర్ దిగాడన్న కారణంతో తిరస్కరించిన ఒక క్లెయిమ్‌లో 2023 జులైలో సుప్రీంకోర్టు 75 శాతం చెల్లించాలని తేల్చింది. అంటే న్యాయం దొరకదని కాదు. కానీ అంత దూరం వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది? స్పేర్ కీ పోయిన రోజే కంప్లైంట్ కాపీ తీసి పెట్టుకోవడం అందుకే అవసరం.

కీ పని చేయకపోతే.. ముందు ఇవి చూడండి

అన్నిసార్లూ కొత్త కీ అవసరం ఉండదు. బటన్లు పని చేయకపోతే మొదట బ్యాటరీ మార్చి చూడాలి. చాలా కీలలో ఉండేది సీఆర్2032 రకం. వాచీల షాపులో కూడా దొరుకుతుంది, వంద రూపాయల అటూ ఇటూ. స్మార్ట్ కీ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా కారు స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది. కీ లోపల దాచిన చిన్న ఇనుప కీతో డోర్ తెరిచి, రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కితే చాలా మోడళ్లు స్టార్ట్ అవుతాయి. కొన్నింటిలో కప్ హోల్డర్ దగ్గరో, కన్సోల్‌లోనో పెట్టాలి. మాన్యువల్‌లో ఒక పేజీ దీనికే ఉంటుంది, ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి.

ప్లాస్టిక్ కేస్ పగిలితే కేస్ ఒక్కటే మార్చుకోవచ్చు, కొన్ని వందలతో పోతుంది. కాకపోతే పాత కేస్‌లోని చిప్‌ను జాగ్రత్తగా కొత్తదాంట్లోకి మార్చాలి. బియ్యపు గింజంత చిప్ చెత్తబుట్టలో పడిందంటే మళ్లీ మొదటికే వచ్చినట్టు. వాషింగ్ మెషీన్‌లో పడిన కీని ఆత్రంగా నొక్కి చూడకుండా, బ్యాటరీ తీసి రెండు రోజులు బాగా ఆరనివ్వాలి. చాలాసార్లు బతికి బట్టకడతాయి.

కొత్త కారు డెలివరీలో కొన్ని కంపెనీలు కీతో పాటు చిన్న నంబర్ ట్యాగ్ ఇస్తాయి. చాలామంది దాన్ని రిబ్బన్‌తో పాటు పారేస్తారు. కొత్త కీ కట్ చేయడానికి ఆ నంబరే ఆధారం. కీల గుత్తికి తగిలించకుండా ఇంట్లో ఆర్‌సీ పక్కన పెట్టుకోవాలి. సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే రెండు కీలూ చేతికి వచ్చాకే బేరం ముగించాలి. రెండోది లేదంటే, కొత్త కీ ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి. కారు మెమరీలో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో కూడా స్కాన్ చేయించి చూసుకుంటే పాత ఓనర్ దగ్గర మూడోది ఉందేమోనన్న భయం ఉండదు.

ఇక చేతిలో ఒక్క కీ మాత్రమే ఉన్నవాళ్లు.. రెండోది చేయించడానికి ఇదే టైమ్. ఒక కీ పని చేస్తుండగా ఇంకోటి ఎక్కించడం తేలిక. టోయింగ్ ఉండదు, లాక్ సెట్ మార్చాలన్న మాటే రాదు. కోట్ రాతపూర్వకంగా తీసుకోండి. కీ ధర ఎంత, ప్రోగ్రామింగ్ ఎంత, లేబర్ ఎంత అని విడివిడిగా రాయించుకోండి. లాక్ సెట్ మార్చాల్సిందేనని పట్టుబడితే కారణం కాగితం మీద అడగండి. అడ్వాన్స్ తీసుకుని వారాల తరబడి తిప్పినా, చెప్పినదానికంటే ఎక్కువ వసూలు చేసినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కాల్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడినా ఫిర్యాదు తీసుకుంటారు.